పని మొదలుపెట్టబోతున్న వడ్రంగి

తప్పంతా తటవర్తి విశ్వేశ్వరరావుదే. పెమ్మాడి గవర్రాజు ఈ మాట టీ బడ్డీ దగ్గర చెబుతాడు, మంగలి దుకాణంలో చెబుతాడు, బస్సులో పక్క సీటు మనిషి 'మీదే ఊరు?' అని అడిగితే ఊరి పేరు కంటే ముందు ఇదే చెబుతాడు. ఇంటిపేరుతో సహా చెబుతాడు. లోకంలో విశ్వేశ్వరరావులు చాలామంది ఉన్నారు, వాళ్ళలో ఏ పాపం ఎరగనివాళ్ళు కూడా ఉండొచ్చు కదా. విన్నవాళ్ళు "ఇంతకీ ఆయనేం చేశాడయ్యా?" అని అడుగుతారు. చిక్కంతా అక్కడే వస్తుంది. ఎక్కడినుంచి అందుకున్నా, విశ్వేశ్వరరావు చేసిన ప్రతి పనికీ ముందు గవర్రాజు చేసిన పని ఒకటి చెప్పాల్సి వస్తుంది. అందుకని అతను కథ మధ్యలో ఆపేసి, టీ గ్లాసు బల్ల మీద పెట్టి, తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోతాడు.

అతను ఆపేసిన భాగం కూడా కలిపి చెప్పుకుంటే కథ ఇలా ఉంటుంది.

పాయకరేవు ఊరి పక్కన సముద్రప్పాయలో 'శ్రీ నూకాలమ్మ' అని ఒక కలప ఓడ ఉండేది. మూడు తెరచాపల ఓడ. ఒకప్పుడు బియ్యం, పెంకులు వేసుకుని బర్మాలో రంగం దాకా వెళ్ళి టేకు దుంగలతో తిరిగొచ్చిన ఓడ. గవర్రాజు తాత దానికి ఏటేటా పలకలు మార్చాడు, తండ్రి మార్చాడు, చివరి నాలుగేళ్ళూ గవర్రాజు మార్చాడు. ఓడ వడ్రంగుల లెక్కలో ఓడంటే ఏటా నాలుగు పలకలు పోయి నాలుగు పలకలు వచ్చేది. అలా వస్తూ పోతూ ఉన్నంతకాలం అది బతికున్నట్టు. తెరచాపలకు గిరాకీ పోయాక నూకాలమ్మ పాయలోనే బురదలో కూర్చుండిపోయింది. ముప్పై ఏళ్ళు కూర్చుంది. ఓనరు గారి మనవలు దాన్ని ఇటుక బట్టీకి కట్టెల కింద అమ్మబోతున్నారని పేపర్లో పడగానే పట్నంలో పెద్దమనుషులకు మెలకువ వచ్చి, 'శ్రీ నూకాలమ్మ చారిత్రక నౌకా పరిరక్షణ ధర్మనిధి' అని ట్రస్టు పెట్టారు.

ట్రస్టీలు తొమ్మిదిమంది. చైర్మన్ గారిది రొయ్యల మేత వ్యాపారం. ఏడుగురు జన్మలో ఓడ ఎక్కలేదు. ఎనిమిదో ఆయన ఒకసారి గోదావరి రేవులో పంటు ఎక్కి అవతలి ఒడ్డు దాకా వాంతులు చేసుకున్నాడు గనక నౌకానుభవం ఉన్న సభ్యుడిగా తీసుకున్నారు. తొమ్మిదో ఆయనే కార్యదర్శి, తటవర్తి విశ్వేశ్వరరావు, రిటైరైన సబ్‌రిజిస్ట్రారు. ముప్పై నాలుగేళ్ళు దస్తావేజుల మధ్య బతికిన మనిషికి కళ్ళతో చూసింది నమ్మే అలవాటు పోతుంది. రాసి ఉంటేనే నమ్ముతాడు.

ఆయన ఒకరోజు పొద్దున్నే కారు దిగి గవర్రాజు ఇంటి ముందు నిలబడ్డాడు.

"మీరేనా నౌకా నిర్మాణ శిల్పి?"

గవర్రాజు వెనక్కి తిరిగి చూశాడు, ఎవరినో అంటున్నాడేమోనని. ఎవరూ లేరు. "వడ్రంగినండి," అన్నాడు.

"నౌకను బాగు చేయు విధానం సవివరంగా సెలవియ్యండి."

"ఇదేవన్నా బ్రహ్మవిద్యేటండీ. పాయ గట్టున ఓడకి సరిపడా గుంట తవ్వుతామండి. పౌర్ణానికి పోటొచ్చి నీళ్ళు పొంగుతాయి గదండీ, అప్పుడు ఓడని గుంటలోకి లాగేసి, పాయేపు మట్టిగట్టు ఏసేత్తామండి. నీళ్ళు తోడేత్తే ఓడ దిమ్మల మీద కూకుంటాది. కుళ్ళిన పలకలు ఊడదీసి కొత్తయి బిగిత్తామండి. సందుల్లో నూలు కూరి గుగ్గిలం పూత్తామండి. అయిపోయాక మళ్ళీ పోటుకి గట్టు తెగ్గొడితే తేలిపోయి దాని దారిన అది యెల్లిపోద్దండి."

"ఎంతకాలం?"

"నలభై రోజులండి."

"గుంటకు స్థలం?"

గవర్రాజు ఇక్కడ నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ పాయ గట్టున అతనికి పద్నాలుగు సెంట్లు ఉంది. తాత కొన్నది. అందులో పదకొండు కొబ్బరిచెట్లు. ఆ స్థలంలో గుంట తవ్వుకుని, వేట నిషేధం రోజుల్లో చేపల బోట్లను అందులోకి దించి మరమ్మతు చేయాలని అతనికి పదేళ్ళుగా ఆశ. తవ్వకం ఖర్చుకే జంకి ఆగిపోయాడు. ఇప్పుడా గుంట ట్రస్టువాళ్ళ డబ్బుతో తవ్వితే, నలభై రోజుల్లో ఓడ వెళ్ళిపోతే, గుంట ఎవరిది? గవర్రాజుకు లోపల నవ్వొచ్చింది. ఇంత పెద్ద కారులో వచ్చినాయన ఇంత అమాయకుడేమిటా అని జాలి కూడా వేసింది.

"నా సోటుందండి," అన్నాడు.

భార్య వీరవేణి ఆ రాత్రి అన్నం పెడుతూ అడిగింది. "పంచాయితీ సోటుంది గదా, మన సోటెందుకు మావా?"

"నీకు తెల్దులేయే. దీన్లో లోతుంది."

"గుంటకి లోతుండకేటి. నీకుందా అని."

మర్నాడు విశ్వేశ్వరరావు ఒప్పందం రాసి తెచ్చాడు. మొదటి వరసలోనే 'ధర్మనిధి గౌరవ సాంకేతిక సలహాదారులు శ్రీ పెమ్మాడి గవర్రాజు గారు' అని ఉంది. గవర్రాజు ఆ వరస మూడుసార్లు చదివాడు. అయిదో తరగతితో ఆపేశాడు కాబట్టి మెల్లిగా చదివాడు, మెల్లిగా చదవడం వల్ల ఆ సుఖం చాలాసేపు ఉంది. 'గౌరవ' అంటే జీతం ఉండదని అర్థమని అతనికి ఏడాది తర్వాత గాని తెలియలేదు.

రెండో పేజీలో 'నేటినుండి నలువది దినములు' అని ఉంది. గవర్రాజుకు చటుక్కున బుర్ర వెలిగింది. గుంట తవ్వడానికే పది రోజులు పోతాయి, పౌర్ణమి కోసం ఇంకో వారం కాచుకోవాలి. అవన్నీ తన లెక్కలో వేసి, గడువైపోయిందని రేపు మెడ మీద కూర్చుంటే?

"అలా కాదండి. నేను పని మొదలెట్టిన రోజు నించీ నలభై అని రాయండి."

విశ్వేశ్వరరావు కళ్ళజోడు తీసి అతని వైపు మొదటిసారి నిజమైన గౌరవంతో చూశాడు. "ఉత్తమమైన సవరణ," అని, పాత మాట కొట్టేసి, కొత్త మాట రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాడు. గవర్రాజు చేత కూడా పెట్టించాడు. ఆ సాయంత్రం గవర్రాజు కనిపించినవాళ్ళందరికీ ఈ సవరణ గురించి చెప్పాడు. సబ్‌రిజిస్ట్రారు చేసిన వాళ్ళకే తప్పు చూపించానని చెప్పాడు.

తర్వాత తన పదకొండు కొబ్బరిచెట్లూ తనే కొట్టించాడు.

పౌర్ణమి పోటుకు నూకాలమ్మను లాగినప్పుడు ఊరు ఊరంతా వచ్చింది. మోకులు పట్టుకుని రెండొందల మంది. బురదలోంచి ఓడ కదిలినప్పుడు వచ్చిన చప్పుడుకి పక్క ఊళ్ళో కూడా కుక్కలు మొరిగాయట. గవర్రాజు నాలుగు రోజులు ఇంటికి పోలేదు, గడ్డం గీసుకోలేదు. గట్టు వేయించాడు, రెండు ఇంజన్లు పెట్టి నీళ్ళు తోడించాడు. అయిదో రోజు పొద్దున్న ఓడ దిమ్మల మీద ఒద్దికగా కూర్చుంది. గుంట అడుగున నాలుగంగుళాల నీళ్ళు మిగిలాయి. గవర్రాజు చిరుగుల బనీనులో, చేతిలో చెక్కలు చెక్కే బాడిసతో, కుళ్ళిన మొదటి పలక దగ్గర నిలబడ్డాడు. అప్పుడొచ్చాడు విశ్వేశ్వరరావు, చంకలో ఇంత లావు రిజిస్టరుతో.

"ఒక్క గంట. ముందు జాబితా తయారుచేయవలెను."

"మంచిదేనండి, రాసుకోండి," అన్నాడు గవర్రాజు. అన్నవాడు ఊరుకోలేదు. బాడిస చంకన పెట్టుకుని ఆయన్ను ఓడంతా తిప్పాడు. పైన, కింద, లోపల, వెనక. తన తండ్రి కొట్టిన మేకు ఏదో, తాత అతికిన పలక ఏదో చూపించాడు. అడుగున, కుడి పక్క, పిడికిలి పట్టే కన్నం చూపించాడు. విశ్వేశ్వరరావు చూడకుండా దాటిపోతుంటే చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చి, "దీన్ని రాసుకోలేదేటండీ? అసలు రోగవే ఇది," అని రాయించాడు. ఎలుకలు కనపడితే 'ఎలుకలు, పదిహేడు, సుమారు' అని రాయించాడు. గుంట రాయించాడు. గట్టు రాయించాడు. అడుగున నీళ్ళు నాలుగంగుళాలని స్కేలు పెట్టి కొలిచి రాయించాడు. మొత్తం నాలుగువందల పదకొండు అంశాలయ్యాయి. చివర విశ్వేశ్వరరావు కలం మూత పెట్టబోతూ అతన్ని ఎగాదిగా చూసి, "మీరు కూడా ఇక్కడే ఉన్నారు గదా," అన్నాడు.

గవర్రాజు మొహం విప్పారింది. తన పేరులో 'ర' కింద వత్తు మరిచిపోకుండా దగ్గరుండి రాయించాడు. "బాడిస కూడా ఏసుకోండి. అది మా తాతది." అంశం నాలుగువందల పన్నెండు: 'ఓడ వడ్రంగి ఒకరు. వయస్సు యాభై రెండు. గడ్డము నాలుగు దినములది. కుడిచేత బాడిస. పని మొదలుపెట్టబోవుచున్న స్థితి.'

"సంతకం."

పెట్టాడు.

"ఇంక మొదలెట్టమంటారాండి?"

"నిరభ్యంతరంగా."

గవర్రాజు దేవుడికి దణ్ణం పెట్టుకుని, కుళ్ళిన పలక మీదికి బాడిస ఎత్తాడు.

"ఆగండి!" విశ్వేశ్వరరావు కేక వేశాడు. "అది నూట ఆరవ అంశం."

"అవునండి. కుళ్ళిపోయిందండి."

"కుళ్ళిపోయినట్టుగానే నమోదైనది. ఏడవ నియమము ప్రకారం, నమోదు తేదీన ఏ వస్తువు ఏ స్థితిలో ఉన్నదో ఆ స్థితిలోనే శాశ్వతంగా పరిరక్షింపబడవలెను."

ఆ ఏడవ నియమం ఎక్కడిదంటే, పై జిల్లాలో ఒక జమీందారు గాజు దీపాలను కాపాడే ట్రస్టు నిబంధనల పుస్తకంలోది. పుస్తకమంతా తెచ్చి, 'దీపములు' అన్నచోట 'నౌక' అని మార్చి దించుకున్నారు. దీపాల విషయంలో ఆ నియమం చక్కగా పనిచేసింది.

"మరి కన్నవండీ?"

"రెండువందల నలభై మూడవ అంశం. మీరే చూపించారు."

"ముయ్యడానికి చూపించేనండీ బాబూ! కన్నం ముయ్యకపోతే ఓడెలా తేల్తాదండి?"

విశ్వేశ్వరరావు ఓపిగ్గా నవ్వాడు. "గవర్రాజు గారూ, ధర్మనిధి లక్ష్యాలు పదునాలుగు. నేను స్వయంగా రచించాను. వాటిలో తేలుట అనునది లేదు."

దీనికి మంచి జవాబు ఒకటి గవర్రాజుకు మూడు నెలల తర్వాత, ఒక సాయంత్రం స్నానం చేస్తుండగా తట్టింది. కానీ అప్పటికి పరిరక్షణ నిపుణురాలు వచ్చి వెళ్ళిపోయింది.

ఆవిడ రాజధానినుంచి వచ్చింది. బురదలో దిగి కన్నం ముందు మోకాళ్ళ మీద కూర్చుని దాని అంచులు వేలితో తడిమింది. చివరికి, "ఇది లోపం కాదు. సముద్రం ఈ నౌక మీద చేసిన సంతకం," అంది. ట్రస్టీలు చప్పట్లు కొట్టారు. కన్నానికి చుట్టూ ఇత్తడి చట్రం, లోపల చిన్న లైటు పెట్టారు. పిల్లలు చెయ్యి పెట్టకుండా తాడు కట్టారు. ఎలుకల లెక్క పదిహేనుకు పడిపోయిన నెలలో అత్యవసర సమావేశం జరిగింది. రైతు ఒకాయన తన వడ్ల కొట్టులోంచి రెండు ఎలుకల్ని విరాళమిచ్చి, శాలువా కప్పించుకున్నాడు. వర్షాకాలం గుంటలో నీళ్ళు నిండితే నాలుగంగుళాలు మిగిల్చి తోడించారు, ఎండాకాలం ఆవిరైపోతే ట్యాంకరుతో తెచ్చి నాలుగంగుళాలు పోయించారు.

మరి గవర్రాజు? అతను రోజూ పొద్దున్న తొమ్మిదినుంచి అయిదుదాకా నూట ఆరో పలక ముందు, బాడిస ఎత్తి, పని మొదలుపెట్టబోతూ ఉన్నాడు.

ఎందుకు ఒప్పుకున్నాడని వీరవేణి అడిగితే, 'మన సోటు మనకి రావాలంటే ఆళ్ళతో మంచిగా ఉండాలే' అన్నాడు. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, మొదటి వారంలోనే అతని ఫొటో జిల్లా పేజీలో పడింది. ఫొటోలో అతను చాలా బాగా వచ్చాడు. పేపరు కటింగు పర్సులో పెట్టుకున్నాడు.

గడ్డం దగ్గర కొంత గొడవైంది. నాలుగు రోజుల గడ్డం అయిదో రోజుకు అయిదు రోజులది అవుతుంది. గీసేస్తే అసలు ఉండదు. రెండూ ఏడవ నియమానికి విరుద్ధం. ట్రస్టు ఉపసంఘం వేసింది. రోజూ పొద్దున్న మంగలి వచ్చి, దువ్వెన అడ్డం పెట్టి, నాలుగు రోజుల మేరకు కత్తిరించాలని తీర్మానించింది. బనీను చిరుగులు పెద్దవవుతుంటే చిరుగుల అంచులకు కుట్టు వేయించారు.

జనం బస్సుల్లో వచ్చేవాళ్ళు. టికెట్టు ఇరవై. బడిపిల్లలు ఎదురుగా వరసగా కూర్చుని చూసేవాళ్ళు.

"తాతా, ఎప్పుడు మొదలెడతావ్?"

"రేపమ్మా."

విశ్వేశ్వరరావు పక్కకు పిలిచి మందలించాడు. "మీ స్థితి 'మొదలుపెట్టబోవుచున్న' అని. రేపు అంటే అది వాయిదా అవుతుంది. 'ఇదిగో, ఇప్పుడే' అని సెలవియ్యండి."

అప్పటినుంచి 'ఇదిగో, ఇప్పుడే' అనేవాడు. రోజుకు రెండొందల సార్లు.

రెండు వేట నిషేధాలు అలాగే గడిచిపోయాయి. ఏటా నిషేధం ఉన్న రెండు నెలలూ బోట్లన్నీ ఒడ్డున పడి ఉంటాయి. వడ్రంగికి సంవత్సరం తిండి దొరికేది ఆ రెండు నెలల్లోనే. గుంట తయారయితే నాలుగు బోట్లు తెస్తానని మాటిచ్చిన బోట్ల ఆసామి మల్లాడి భూలోకం మొదటి ఏడు కాచుకున్నాడు, రెండో ఏడు అవతలి రేవుకు తోలుకుపోయాడు. పోతూ పోతూ గట్టు మీద ఆగాడు.

"ఏరా బావా, మొదలెట్టేవా?"

గవర్రాజుకు ఎత్తిన చెయ్యి దించే వీల్లేదు, ఎదురుగా బస్సు జనం ఉన్నారు. "ఇదిగో, ఇప్పుడే," అన్నాడు, పళ్ళ బిగువున.

"మొదలెట్టేక కబురెట్టు. మా మనవడికి నాలుగో ఏడొచ్చింది, ఆడు బోటు కొనేటప్పటికి అవుద్దేమో."

ఆ రాత్రి వీరవేణి కంచం ముందు పెట్టలేదు. "ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. నీకు కప్పిన ఆ శాలువాలు వండమంటావా? నాలుగున్నాయి," అంది. తర్వాత మెల్లిగా అంది. "మావా, ఆ సోటు మనకి తిరిగి రాపోతే నువ్వు ఇంకోడి రేవులో కూలికెల్లాలి. యాభై నాలుగేళ్ళకి. నీకది తెలుత్తుందా?"

తెలుస్తోంది. మర్నాడు గవర్రాజు ట్రస్టు సమావేశానికి వెళ్ళాడు, గడ్డం కత్తిరించుకుని.

"అయ్యా, నా సోటు నాకు ఇప్పించండి. నలభై రోజులని రాసుకున్నాం. రెండేళ్ళ మీద రెండు నెలలయింది."

విశ్వేశ్వరరావు ఒప్పందం తీసి చదివాడు. "'సలహాదారులు పని మొదలుపెట్టిన దినము లగాయతు నలువది దినములు.' అధ్యక్షా, పని మొదలుకాలేదు. కనుక ఒకటవ దినము ఇంకా రాలేదు. ఈ సవరణ సలహాదారుల వారి సొంతం. వారి దూరదృష్టిని నేను ఆనాడే గ్రహించాను."

చైర్మన్ గారు సంతోషంగా తల ఊపారు. "చూశారా గవర్రాజు గారూ! మీ నలభై రోజుల్లో మేం ఒక్కటి కూడా వాడుకోలేదు. నలభైకి నలభై మీ దగ్గరే భద్రంగా ఉన్నాయి."

"అయితే మొదలెట్టనివ్వండి బాబూ! ఒక్క పలక!"

"మొదలుపెడితే మీరు నాలుగువందల పన్నెండవ అంశానికి భిన్నమైపోతారు," అన్నాడు విశ్వేశ్వరరావు. "మిమ్మల్ని పోగొట్టుకోవడానికి ధర్మనిధి సిద్ధంగా లేదు."

పంటు మీద వాంతులు చేసుకున్న సభ్యుడు కళ్ళొత్తుకున్నాడు.

గవర్రాజు ఇంటికొచ్చి రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు అతని బుర్ర మళ్ళీ వెలిగింది. అతని బుర్ర వెలగడం ఇది రెండోసారి. మొదటిసారి ఏమైందో గుర్తుండి కూడా అతను ఆ వెలుతురును నమ్మాడు. నలభై రోజులు మొదలు కావాలంటే పని మొదలు కావాలి. పని మొదలుపెట్టాల్సింది ఎవరు? తనే. ఆపేవాడెవడు? చేతిలో బాడిస ఉన్నది తనకే కదా! రెండేళ్ళుగా ఎత్తే ఉంది. దించితే చాలు.

ట్రస్టు వార్షికోత్సవం రోజు షామియానా వేశారు. పట్నంనుంచి పెద్దలొచ్చారు. చైర్మన్ గారు గవర్రాజు పక్కన నిలబడి, "ఈ శ్రామికుని చేతిలో కాలం ఆగిపోయింది," అని ఉపన్యాసం మొదలుపెట్టగానే గవర్రాజు చెయ్యి దించాడు. ఠప్పుమని చప్పుడైంది. రెండేళ్ళ తర్వాత అతని చెవిన పడ్డ మొదటి పని చప్పుడు అది. బొటనవేలంత చెక్కపేడు ఎగిరి చైర్మన్ గారి బూటు మీద పడింది.

"మొదలెట్టేనండీ! అందరూ సూత్తున్నారు గదా, మొదలెట్టేను! ఇయ్యాల్టి నించి నలభై!"

విశ్వేశ్వరరావు వాచీ చూసుకుని, రిజిస్టరు తెరిచి, 'పదకొండు గంటల ఇరవై నిమిషములు' అని రాసుకున్నాడు. తర్వాత జేబురుమాలుతో చెక్కపేడును జాగ్రత్తగా, వేళ్ళు తగలకుండా ఎత్తాడు.

మళ్ళీ గుంటలోకి దిగనివ్వకపోయినా, నలభై రోజులూ గవర్రాజు ఇంటి గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకున్నాడు. వీరవేణి కూడా రెండు మూడు గీసింది. నలభై ఒకటో రోజు పొద్దున్న, నున్నగా గడ్డం గీయించుకుని, పార భుజాన వేసుకుని గట్టు తెగ్గొట్టడానికి వెళ్ళాడు. అక్కడ విశ్వేశ్వరరావు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"రండి. గడువు ముగిసినది. స్థలం తమదే. ఇందులో రెండో మాట లేదు," అన్నాడు. గవర్రాజు పార దించి చేతులు జోడించబోయాడు. "కాగా," అన్నాడు విశ్వేశ్వరరావు.

కాగా, చెక్కపేడు సంగతి ఒకటుంది. నిపుణురాలు దాన్ని పరీక్షించి పదహారు పేజీల నివేదిక పంపింది. నౌకలో కలప అంతా నౌకకు అంటుకునే ఉంది, నౌకనుంచి విడిపోయిన కలప లోకంలో ఈ ముక్క ఒక్కటే, ఇలాంటిది ఇంకోటి లేదు గనక దీనికి వెల కట్టడం కష్టం, అయినా కట్టాను, అని రాసింది. ఆ వెల గవర్రాజు స్థలం వెలకు రూపాయి తేడా లేకుండా సరిపోయింది. ట్రస్టీలందరూ ఈ సంగతికి ఆశ్చర్యపోయారు.

"కేసు పెట్టాలని కొందరు సభ్యులు అభిప్రాయపడ్డారు. చారిత్రక సంపదకు భంగం కలిగిస్తే జైలు కూడా ఉండవచ్చును. నేనే వారించాను. మన మనిషి గదా, నష్టపరిహారంగా స్థలం రాసిచ్చేస్తే పోతుంది అన్నాను."

గవర్రాజు గట్టు మీద కూర్చుండిపోయాడు. "బొటనేలంత ముక్కండీ. కుళ్ళిన ముక్క."

"కుళ్ళిన అనకండి. ఇంకా విలువ పెరుగుతుంది."

వీరవేణి ఆ సాయంత్రం ఏడవలేదు. తిట్టనూ లేదు. గోడ మీద బొగ్గు గీతలు తడిగుడ్డ పెట్టి తుడిచేసింది. "జైలుకెల్తే కూలి కూడా ఉండదు. రాసిచ్చెయ్యి మావా," అంది.

చెక్కపేడుకు అద్దాల పెట్టె చేయించి, గవర్రాజు కొబ్బరిచెట్లు ఉన్న మూల చిన్న మండపం కట్టి అందులో పెట్టారు. నాలుగువందల పన్నెండో అంశం ఖాళీ అయింది గనక సిమెంటుతో బొమ్మ పోయించారు. బాడిస మాత్రం అసలుదే, ఎందుకంటే అది కూడా రిజిస్టరులో ఉంది. గడ్డానికి నల్ల ఇసక అంటించారు. ఊళ్ళో అందరూ గవర్రాజే నిలబడినట్టుందన్నారు. భూలోకం అయితే గవర్రాజు కంటే నయం, దీనికి తెలివితేటలు లేవన్నాడు.

రిజిస్ట్రేషనుకు ముందు సర్వేయరు వచ్చి గొలుసు పట్టి కొలిచాడు. ఒకసారి కొలిచి, తల గోక్కుని, మళ్ళీ కొలిచాడు. పాయవైపు పాత హద్దురాయి ఒకటి బురదలో కూరుకుపోయి ఉందట, తవ్వి బయటికి తీశాడు. గవర్రాజు తాత కొన్నప్పటినుంచి ఇంటిల్లిపాదీ ఆ చోటు పద్నాలుగు సెంట్లనే అనుకుంటున్నారు, పన్ను కూడా అంతకే కట్టారు. అది తప్పని ఆరోజు తేలింది. ముప్పావు సెంటు ఎక్కువుంది. గవర్రాజు జన్మంతా తన దగ్గర ఉన్నట్టే తెలియని ముప్పావు సెంటు.

విశ్వేశ్వరరావు దస్తావేజులో ఆ అంకె సరిదిద్ది, పక్కన పొట్టి సంతకం పెట్టి, గవర్రాజు చేత కూడా పెట్టించాడు.

పోయింది పద్నాలుగు ముప్పావు సెంట్లు.